చివరి స్టాపు మెసేజులు

డిపోలో అందరూ ఆమెను పెట్టెలక్క అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది గానీ, దాన్ని చదివే పని మేనేజరుకు తప్ప ఎవరికీ పడేది కాదు. టైర్లు పెట్టే కొట్టుకూ నేను గుమస్తాగా ఉన్న పార్సెళ్ళ గదికీ మధ్య ఆమె గది. మా రెండు గదులకూ మధ్య ఉన్నది ఒక చెక్క గోడ. ఆమె స్టూలు జరిపితే నాకు వినబడేది, నేను దగ్గితే ఆమెకు వినబడేది. అలా పదకొండేళ్ళు పక్కపక్కనే పనిచేశాం. మొదటి ఏడేళ్ళలో మేం మాట్లాడుకున్న మాటలన్నీ కలిపినా ఒక కాగితం నిండదు. ఆ తప్పు నాదే ఎక్కువ.

ఆమె పని గురించి ముందు చెప్పాలి. మా డిపో నుంచి కొండ మీదికి ఏడు బస్సులు తిరిగేవి. ఊరు దాటి మొదటి మలుపు తిరిగితే ఏ ఫోనుకూ సిగ్నలు ఉండేది కాదు. అక్కడ టవరు వేయడానికి ఎవరూ ముందుకు రాలేదు. అందుకని ప్రతి బస్సులో డ్రైవరు సీటు కింద, చెప్పుల పెట్టె అంత బూడిదరంగు పెట్టె ఒకటి బిగించారు. జనం తమ ఫోనులో మెసేజు రాసి పెట్టుకునేవారు. బస్సు వచ్చి స్టాపులో ఆగగానే అది పెట్టెలోకి ఎక్కేది. దారిలో రెండు బస్సులు ఎదురైతే, ఒక పెట్టెలో ఉన్నవి రెండో పెట్టె కాపీ చేసుకునేది. ఏ బస్సు ముందు దిగితే దాంట్లోంచి మెసేజు మా డిపోకు చేరి, అక్కడి నుంచి తీగ మీద ఎక్కడికి పోవాలో అక్కడికి పోయేది. జవాబు కూడా అలాగే బస్సెక్కి కొండెక్కేది. దగ్గరి స్టాపులకు ఒక పూట పట్టేది. చివరి స్టాపుకు వారానికి రెండే బస్సులు కాబట్టి, అక్కడికి ఐదారు రోజులు.

ఆ పెట్టెలు ఆమె చేతిలో ఉండేవి. దుమ్ము దులపడం, తెగిన తీగలు అతకడం, ఎన్ని మెసేజులు ఎక్కాయో ఎన్ని దిగాయో కంప్యూటరులో చూసుకోవడం. ఇక్కడికి రాక ముందు టెలిఫోను ఆఫీసులో పనిచేసింది. ఆ ఆఫీసు మూతపడింది. భర్త లారీ మెకానిక్కు, ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. పిల్లలు లేరు. దూరాన ఉన్న చెల్లెలు ఏడాదికి రెండుసార్లు ఫోను చేసేది, అదీ ఎక్కడికో బయల్దేరుతూ, చెప్పులు వేసుకుంటూ. మూడో అంతస్తులో ఒంటి గది. పొద్దున పనికి వస్తూ రేడియో ఆపకుండా తాళం వేసేదట. తిరిగి వెళ్ళేసరికి గదిలో ఎవరో మాట్లాడుతున్నట్టు ఉండాలని. ఇది చాలా కాలం తర్వాత, నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

రోజుకు వేల మెసేజులు ఆమె చేతి కింద నుంచి పోయేవి. ఆమె ఫోనుకు మాత్రం సబ్బుల ప్రకటనలు వచ్చేవి.

ఆమెకు నలభై తొమ్మిదేళ్ళప్పుడు వానలు ముంచెత్తాయి. కొండ దారిలో వంతెన కొట్టుకుపోయింది. ఏటికి ఇవతల రెండు బస్సులు, అవతల రెండు బస్సులు తిరగడం మొదలైంది, మిగతా మూడింటినీ వేరే దారులకు మళ్ళించారు. జనం మధ్యలో వేసిన చెక్కల మీదుగా నడిచి బస్సు మారేవారు. మెసేజులు కూడా ఏటి దగ్గరే ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు దూకాలి. దానికి తోడు వంతెన కట్టడానికి మూడు వందల మంది కూలీలు వచ్చారు. అందరికీ ఫోన్లున్నాయి, అందరికీ ఇంటి మీద బెంగ ఉంది. ఏడు పెట్టెలు మోసే బరువుకు ఇంకో అంత కలిసి, నాలుగు పెట్టెల మీద పడింది.

పెట్టెలు నిండిపోయాయి. పెట్టె నిండితే ఏం చేయాలో పైఆఫీసు వాళ్ళు ఎప్పుడో రాసి పెట్టారు: అన్నిటికన్నా పాతదాన్ని తీసి పారేసి, కొత్తదానికి చోటివ్వాలి. వినడానికి న్యాయంగానే ఉంది. ఎవరూ దాని గురించి ఆలోచించలేదు.

ఫిర్యాదులు మొదలయ్యాయి. మా మేనేజరు మంచివాడే గానీ కోపం ముక్కు మీదే ఉండేది.

"ఏంటక్కా ఇది? పంపిన మెసేజు పోతోందంటున్నారు. ఎక్కడికి పోతుంది? గాల్లో కలుస్తుందా?"

"చోటు లేక పెట్టె పారేస్తోంది సార్."

"అయితే పెద్ద పెట్టెలు అడుగు."

"అడిగాను. వచ్చే ఏడాది చూస్తామన్నారు."

"అప్పటిదాకా?"

ఆమె తన గదిలోకి వెళ్ళి కూర్చుంది. మూడు రోజులు స్టూలు చప్పుడు కూడా వినబడలేదు.

పెట్టె ఏం పారేసిందో దాని జాబితా ఉంటుంది. మెసేజులో ఏముందో తెలియదు, తాళం వేసినట్టు ఉంటుంది. ఏ ఫోను నుంచి ఏ ఫోనుకు, ఏ స్టాపులో, ఏ రోజు ఎక్కింది అన్నంత వరకే. ఆ నెలలో పారేసినవి పదకొండు వందల చిల్లర. వాటిలో తొమ్మిది వందలకు పైగా చివరి స్టాపులో ఎక్కినవో, చివరి స్టాపుకు పోవలసినవో. ముందు ఆ బస్సు పెట్టె చెడిపోయిందనుకుంది. విప్పి చూసింది, బాగానే ఉంది. మూడో రోజు మధ్యాహ్నం నా గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఏడేళ్ళలో ఆమె నా గదికి రావడం అదే మొదలు.

"అన్నా, దూరం నుంచి వచ్చేది ఎప్పుడూ పాతదే అవుతుంది కదా?"

నాకు అర్థం కాలేదు. పార్సెలు గురించి అడుగుతోందనుకున్నాను.

"దగ్గర స్టాపులో ఎక్కింది పూట వయసుది. చివరి స్టాపులో ఎక్కింది ఇక్కడికి వచ్చేసరికి ఐదు రోజులది. పాతది పారెయ్యమంటే, పెట్టె ప్రతిసారీ ఆ చివరివాళ్ళదే పారేస్తోంది. వాళ్ళ తప్పేం లేదు. దూరాన ఉన్నారు, అంతే."

"మరి పైఆఫీసుకి చెప్పమ్మా" అన్నాను. ఆమె తల ఊపి వెళ్ళిపోయింది.

ఆ జాబితాలో ఒక ఫోను ఆమెను పట్టుకుంది. చివరి స్టాపులో, ప్రతిరోజూ పొద్దున ఏడింటికి, ఒక చిన్న మెసేజు, ఒకే నంబరుకు. పాత జాబితాలు కూడా తిరగేసింది. వానలకు ముందు నుంచే, పండ్ల కోతల రద్దీలో మరీ ఎక్కువగా, అవి పోతూనే ఉన్నాయి. పద్నాలుగు నెలల్లో నాలుగు వందలకు పైగా పంపితే చేరినవి ముప్ఫై ఒకటి. అవతలి నుంచి వచ్చే జవాబులూ అలాగే పోయాయి. ఐదు నెలలుగా అవతలి నంబరు రాయడమే మానేసింది. ఈ ఫోను మాత్రం ఒక్క రోజు కూడా మానలేదు.

పెట్టెలక్క రెండు రోజులు సెలవు పెట్టి, వాన కోటు వేసుకుని, కొండ బస్సెక్కింది.

ఆ ప్రయాణం గురించి ఆమె నాకు ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఏటి దగ్గర చెప్పులు చేత్తో పట్టుకుని చెక్కల మీద నడిచిందట. చివరి స్టాపు అంటే ఒక రేకుల షెడ్డు, ఒక బెంచీ. దాని వెనక చిన్న ఆనకట్ట. పక్కన కాపలాదారు గది. ఇదివరకు అక్కడ ఆరుగురు ఉండేవారు. గేట్లకు మోటార్లు పెట్టాక ఐదుగురిని కిందికి పంపేశారు. మిగిలినవాడు అరవైకి దగ్గర పడ్డ మనిషి. రోజూ పొద్దున ఏడింటికి వాన ఎంత పడిందో, నీరు ఎంత ఉందో కొలవడం అతని పని.

"గేటు చూడ్డానికొచ్చావా అమ్మా?" అన్నాడట, చేతిలో కొలబద్ద పట్టుకుని.

"కాదన్నా. నీ మెసేజుల గురించి వచ్చాను. బస్సుల్లో పెట్టెలు చూసేదాన్ని నేనే."

అతను లోపలికి రమ్మని, మంచం మీద గొడుగు తీసి చోటు చేశాడు. ఆమె చెప్పింది. పెట్టె నిండడం, పాతది పారేయడం, నాలుగు వందల్లో ముప్ఫై ఒకటి చేరడం.  అంతా విన్నాక అతను అన్నాడు.

"అంటే ఆవిడకి కోపం కాదా?"

"ఎవరికన్నా?"

"మా ఆవిడకి. రెండేళ్ళ కింద మూత్రపిండాలు చెడ్డాయి. వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో రక్తం శుద్ధి చెయ్యాలి. ఇక్కడ ఎలా కుదురుతుంది? కింద మా అమ్మాయి దగ్గర ఉంటోంది. మొదట్లో జవాబులు వచ్చేవి. తర్వాత తగ్గాయి. తర్వాత లేవు. ఉద్యోగం పట్టుకుని వేలాడుతున్నానని కోపమొచ్చిందనుకున్నాను."

"ఆమెకి నీ మెసేజులు అందలేదన్నా. మేమే పారేశాం."

"మీరే?"

"నా పెట్టెలే."

అతను లేచి టీ పెట్టాడు. ఒక కప్పు అతనిది. రెండో కప్పు కోసం అలమారాలో వెతికి, దాన్ని మూడుసార్లు కడిగాడు.

"చదివారా అవి?"

"లేదు. చదవడానికి వీలుండదు."

"చదివినా ఏముందిలే. ఇంత వాన పడింది, ఇంత నీరుంది, నేను తిన్నాను. రోజూ అదే." కప్పు ఆమె చేతికిస్తూ, "నేను తిన్నానో లేదో అన్నదొక్కటే ఆవిడకి కావలసింది" అన్నాడు.

కింద బస్సు హారను కొట్టింది. ఆ బస్సు తప్పితే మళ్ళీ మూడు రోజుల దాకా లేదు. ఆమె టీ సగంలో వదిలి, వాళ్ళావిడకు తనే ఫోను చేసి చెబుతానని మాటిచ్చి దిగివచ్చింది.

మర్నాడు డిపోకు వచ్చీ రాగానే ఫోను చేసింది. గోడ ఇవతల నుంచి నేను విన్నాను. అటువైపు మాట వినబడలేదు గానీ, ఇటువైపు ఆమె "అవునమ్మా, రోజూ రాశారు" అని నాలుగైదుసార్లు అన్నది. తర్వాత అటు నుంచి వచ్చిన మాట ఆమె నాకు చెప్పింది. "ఐదు నెలలుగా అలిగి కూర్చున్నాను తల్లీ. ఎవరి మీద అలిగానో ఇప్పుడు నువ్వు చెప్పు" అందట ఆ ఇల్లాలు.

పెట్టెలక్క ఇక పైఆఫీసు కోసం ఆగలేదు. ఒక్కొక్క బస్సూ ఎక్కి, సీటు కింద దూరి, నాలుగు పెట్టెల్లోనూ రూలు తిరగేసింది. పెట్టె నిండితే దూరపు మెసేజు ఉండిపోవాలి. దగ్గరిది ఎక్కకూడదు, తర్వాతి బస్సు దాకా ఆగాలి. దగ్గరివాళ్ళకు బస్సులు ఎక్కువ, ఆగగలరు అనుకుంది. వారం తిరిగేసరికి చివరి స్టాపు మెసేజులు చేరడం మొదలైంది. ఆ వారం ఆమె నన్ను చూసి, తనంతట తానుగా, "టీ తాగారా?" అని అడిగింది. తాగాను అన్నాను. తాగలేదు నిజానికి. అలవాటు లేక అలా వచ్చేసింది నోటికి.

మూడో వారంలో ఒకాయన వచ్చాడు. రెండో స్టాపులో వడ్రంగి. చొక్కా మీద రంపపు పొట్టు ఇంకా ఉంది. గట్టిగా అరుస్తాడేమో అని నేను లేచి నిలబడ్డాను. అతను అరవలేదు.

"మీరేనా పెట్టెలు చూసేది?"

"నేనే."

"మా అమ్మ ఇక్కడ ఆసుపత్రిలో ఉండేది. ప్రాణం మీదికొచ్చింది రమ్మని మా తమ్ముడు సోమవారం మెసేజు పెట్టాడు. నాకు శుక్రవారం అందింది. గురువారమే పూడ్చేశారు."

ఆమె స్టూలు మీంచి లేచి నిలబడింది.

"బస్సులో మా స్టాపు ఇక్కడికి గంటన్నర. ఎవరైనా బస్సెక్కి వచ్చి చెప్పినా సోమవారం సాయంత్రానికి అందేది. అందరూ పెట్టెల్ని నమ్ముకున్నాం. బస్సులు వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి. నాలుగు రోజులు ఎందుకు ఎక్కలేదమ్మా అది?"

ఎందుకు ఎక్కలేదో ఆమెకు తెలుసు. చెప్పింది కూడా. తనే రూలు మార్చానని, దగ్గరివాళ్ళు ఆగగలరనుకున్నానని.  అతను "ఆగగలమని మీరెలా అనుకున్నారు?" అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం మేనేజరు పాత రూలే పెట్టమన్నాడు. ఆమె వారం గడువు అడిగింది. "వారంలో ఏం చేస్తావక్కా? పాతది పారేస్తే వీళ్ళు ఏడుస్తారు, కొత్తది ఆపితే వాళ్ళు ఏడుస్తారు" అన్నాడు. అది తిట్టు కాదు, జాలే. అయినా ఆమెకు తిట్టులాగే తగిలి ఉంటుంది.

ఆ వారం ఆమె తిండి తిన్నట్టు నాకు గుర్తులేదు. కనీసం ఒక్కసారి గోడ తట్టి ఉండవచ్చు నేను. తట్టలేదు. పార్సెళ్ళకు చీటీలు అంటిస్తూ కూర్చున్నాను.

ఐదో రోజు ఆమె తట్టింది.

"అన్నా, ఒకసారి వస్తారా? ఎవరికైనా చెప్పుకోకపోతే నాకు నమ్మకం కలగట్లేదు."

వెళ్ళాను. తెర మీద ఒక పెట్టెలో ఉన్న మెసేజులన్నీ వరసగా ఉన్నాయి. నాలుగు వేలు. ఇన్నాళ్ళూ ఏది పారేయాలా అని చూసిందట గానీ, అసలు నిండి ఉన్నది ఏమిటని చూడలేదట. సగానికి పైగా ఎప్పుడో చేరిపోయినవే. రెండు బస్సులు ఎదురైన ప్రతిసారీ కాపీలు పుడుతున్నాయి. ఒక కాపీ డిపోలో దిగి చేరవలసిన చోటికి చేరిపోతుంది. మిగతా కాపీలకు ఆ సంగతి చెప్పేవాళ్ళు లేరు. అవి ఇంకా పని ఉందనుకుని కొండ ఎక్కుతూ దిగుతూ తిరుగుతున్నాయి.

"చేరిపోయినవి కూర్చుని, చేరాల్సినవాటికి చోటు లేకుండా చేస్తున్నాయి. ఆ వడ్రంగి వాళ్ళ అమ్మ కబురు ఎక్కకుండా ఆపింది ఎవరో తెలుసా? పోయిన నెలలో చివరి స్టాపు నుంచి ఎవరో ఇంటికి పంపిన క్షేమ సమాచారం. అది అందింది, జవాబు కూడా వచ్చింది. అయినా నాలుగు పెట్టెల్లోనూ కూర్చునుంది."

ఆమె కళ్ళలో నీళ్ళు చూడడం అదొక్కసారే. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. చీకటి పడకముందే పని మొదలుపెట్టింది, నేను చూస్తూ ఉన్నాను.

చేసింది ఇది. ఏ మెసేజు చేరినా డిపోలో దాని పేర ఒక చిన్న రసీదు పుడుతుంది. ఆ రసీదుల జాబితా ప్రతి బస్సూ తీసుకెళుతుంది. ఏ పెట్టె ఎదురైనా అందులో చేరిపోయిన కాపీలు చెరిగిపోతాయి. ఇంకొకటి, ఏ మెసేజుకైనా రెండుకు మించి కాపీలు ఉండకూడదు. మూడోది, పెట్టె నిండడానికి వస్తే ముందుగానే స్టాపులో ఫోనుకు చెప్పాలి, ఇప్పుడు చోటు లేదు, మనిషి వెళ్ళగలిగితే మనిషినే పంపండి అని. ఆ మూడోది ఎవరి కోసం పెట్టిందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

పది రోజుల్లో పెట్టెలు సగం ఖాళీ అయ్యాయి. పారేసిన జాబితాలో రోజుకు ఒకటో రెండో. చివరి స్టాపువి చేరుతున్నాయి, రెండో స్టాపువీ చేరుతున్నాయి. మేనేజరు ఆ నెలాఖరుకు ఫిర్యాదుల పుస్తకం తిరగేసి, "వానలు తగ్గాయి కదా, తగ్గాయి" అన్నాడు. వానలు తగ్గలేదు. ఆమె సరిదిద్దలేదు.

తర్వాత ఒక ఆదివారం ఆమె రెండో స్టాపుకు వెళ్ళి, వడ్రంగి షాపు ముందు నిలబడిందట. అతను తలుపు చెక్క చిత్రిక పడుతున్నాడు. ఆమెను గుర్తుపట్టాడు. "ఇప్పుడు వస్తున్నాయి మెసేజులు" అన్నాడు. అని పనిలో పడ్డాడు. ఆమె తిరుగు బస్సు వచ్చేదాకా అక్కడే నిలబడింది. అతను కూర్చోమనీ అనలేదు, వెళ్ళమనీ అనలేదు.

ఆ తర్వాత మేం రోజూ మధ్యాహ్నం కలిసి టీ తాగేవాళ్ళం. పెద్దగా మాట్లాడుకునేది ఉండేది కాదు. ఆమె కిటికీలోంచి బస్సుల వెనక భాగాలు చూసేది. నాకు పెళ్ళాం, ముగ్గురు పిల్లలు, ఇంటి నిండా గోల. సాయంత్రం ఐదవగానే బయల్దేరేవాణ్ణి. "ఉంటానమ్మా" అంటే "వెళ్ళి రండన్నా" అనేది. ఒక్కరోజు కూడా ఆమె నా కన్నా ముందు వెళ్ళలేదు.

నాలుగేళ్ళకు కొండ మీద టవరు లేచింది. ఎవరి ఫోను వాళ్ళకు మోగడం మొదలైంది. పెట్టెలు విప్పి నా గదిలో ఒక మూల పేర్చారు. ఆమెను విచారణ కౌంటరులో కూర్చోబెట్టారు, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పే పని. అద్దానికి చిన్న కన్నం, దాని వెనక ఆమె ముఖం.

ఆ చలికాలంలో ఆనకట్ట కాపలాదారు రిటైరై కిందికి దిగాడు. ఒక ట్రంకు పెట్టె, ఒక గొడుగు. నేను అప్పుడు కౌంటరు పక్కనే ఉన్నాను. ట్రంకు చాలా పెద్దది, బస్సు పైన వేయడానికి దానికి చీటీ అంటించింది నేనే, ఆనకట్ట నుంచి అని రాయించాడు, అందుకే అతనెవరో తెలిసింది. వాళ్ళావిడ ఎలా ఉందని అడిగాను.

"ఉంది. వారానికి మూడుసార్లు ఆసుపత్రి. ఇవాళ నేను వస్తున్నానని వీధి గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుందట, మా అమ్మాయి ఇప్పుడే ఫోను చేసింది" అన్నాడు. ఆత్రంతో మనిషి ఒకచోట నిలవలేకపోతున్నాడు.

అతను కౌంటరు దగ్గరికి వెళ్ళి కన్నంలోకి వంగాడు. కూతురి ఊరి బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగాడు. ఆమె అతన్ని చూసింది. చూసీ చూడగానే పోల్చుకుంది, నాకు తెలిసింది. అతను పోల్చుకోలేదు. నాలుగేళ్ళ కింద, వానలో, కోటు వేసుకుని ఒక గంట కూర్చున్న మనిషి. ఎలా గుర్తుంటుంది?

"మూడో ప్లాట్‌ఫారం అన్నా. ఎక్కి కూర్చోండి, ఐదు నిమిషాల్లో కదులుతుంది" అంది.

"మంచిది తల్లీ" అని వెళ్ళాడు.

బస్సు కదిలాక నేను కౌంటరు వెనక తలుపు తీసి, "చెప్పకపోయావా అమ్మా, నువ్వేనని?" అన్నాను.

"ఆయన బస్సుకి టైమైపోయిందిగా" అంది. అద్దం అవతల ఇంకెవరో వంగి, ఆసుపత్రికి వెళ్ళే బస్సు ఏదని అడుగుతున్నారు. ఆమె అటు తిరిగి చెప్పడం మొదలుపెట్టింది.